ముందు మస్టరు తెప్పించుకో

చిరంజీవి ప్రతాప్‌కు,
కడప నుంచి మీ అత్త ఆశీస్సులు.

ఫోన్‌లోనే జవాబు చెప్పేదాన్ని గానీ మీ మామ పక్కన టీవీ పెట్టుకుని కూర్చున్నాడు, ఒక్క ముక్క వినపడలేదు. అందుకే కాగితం తీసుకున్నాను.

మార్చిలోగా మీ సోలార్ సైటులో ఆడవాళ్ల సంఖ్య పెంచమని హెడ్డాఫీసు మెయిల్ పెట్టిందని, తెలిసిన ఇంజినీరు అమ్మాయిలుంటే చెప్పమని అడిగావు. ఉన్నారు, చెప్తాను. అంతకుముందు కాంట్రాక్టర్ దగ్గరున్న మస్టరు, అంటే కూలీల హాజరుపట్టీ, తెప్పించుకుని, మీ ఆఫీసు హాజరుపట్టీ పక్కన పెట్టి చూడు.

మీ సైటులో ఆడవాళ్లు లేరని ఎవరన్నారు? కిందటేడు నేనొచ్చినప్పుడు మొబ్బులోనే, తెల్లారకముందే వచ్చి ప్యానెళ్లు తుడుస్తున్నది వాళ్లే, వరసల మధ్య గడ్డి పీకుతున్నదీ వాళ్లే. కాంట్రాక్టర్ మనుషులు కాబట్టి మీ లెక్కలోకి రారు, అంతే. కంట్రోల్ రూమ్‌లో ఆరుగురుంటే అందులో ఆడపిల్ల లేదు, మన సీమవాడు ఒక్కడు. ఇద్దరు ఇంజినీరు అమ్మాయిలను హైదరాబాద్ నుంచి తెచ్చి కూర్చోబెడితే హెడ్డాఫీసు అంకె సరిపోతుంది. తుడిచే ఆమె తుడుస్తూనే ఉంటుంది.

ఇది నీ ఒక్కడి సైటు సంగతి కాదులే. 2019లో ఇరెనా అనే అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఇచ్చిన నివేదికలో ఈ రంగంలో ఆడవాళ్లు 32 శాతం అన్నారు, చమురు గ్యాస్ పనుల్లో 22. బాగానే ఉందే అనిపిస్తుంది. విడదీసి చూస్తే ఆఫీసు పనుల్లో 45, సాంకేతిక పనుల్లో 28. మన దేశంలో మిద్దెల మీద సోలార్ పెట్టే రంగంలో అయితే 11 శాతమే అని అదే ఏడు ఇంకో అధ్యయనం తేల్చింది.

అసలు విషయం బాత్‌రూమ్. నవ్వకు. నేను 1991లో చేరిన సబ్‌స్టేషన్‌లో ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. పొద్దున ఎనిమిదింటికి లోపలికి పోతే సాయంత్రం దాకా నీళ్లు తాగేదాన్ని కాదు. మరీ తట్టుకోలేకపోతే వాచ్‌మన్ ఇంటికి నడిచిపోయేదాన్ని. ఆయన భార్య పుణ్యాత్మురాలు, ఎప్పుడూ విసుక్కోలేదు. రెండేళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి పది రోజులు సెలవు పెడితే, "ఆడవాళ్లను వేస్తే ఇంతే" అన్నారు. కోటాలో వచ్చిందని గొణుక్కునేవాళ్లు ఎటూ ఉండేవాళ్లు. నాలుగు ఇటుకలు, ఒక తలుపు ఖర్చు అది! మీది సబ్‌స్టేషన్ కూడా కాదు, వందల ఎకరాలు. మెయిన్ ఆఫీసు దగ్గర ఒక్కటి కట్టి చేతులు దులుపుకుంటే, మూడు కిలోమీటర్ల అవతల పనిచేసే మనిషి ఎండలో నడిచి వస్తుందా? ప్రతి బ్లాకు దగ్గరా ఒకటి పెట్టించు, నీళ్లతో సహా. తుడవడానికి ట్యాంకర్ ఎలాగూ తిరుగుతుంది కదా.

తర్వాత బండి. తెల్లవారకముందు పని అంటే ఊరి నుంచి ఆటోలో పదిమందిని కుక్కి తెస్తున్నారు. అది కంపెనీ బండి కావాలి. రాత్రి షిఫ్టు వేస్తే ఆమెను అడిగి వేయి, ఒక్కదాన్నే వేయకు.

నోటిఫికేషన్‌లో "రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అని రాస్తారు చూడు, అది తీసేయి. ఇక్కడి పిల్లకు ఆ అనుభవం ఎవరిచ్చారు? మన కడపలో మహిళా పాలిటెక్నిక్ ఉంది, అనంతపురం, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీలున్నాయి. ఐటీఐ చదివినవాళ్ల కోసం సోలార్ పని నేర్పే సూర్యమిత్ర శిక్షణ ఉంది. తుడిచే గుంపులో పది, ఇంటర్ చదివిన పిల్లలు కచ్చితంగా ఉంటారు. మీటర్ రీడింగ్ రాయడం, ఇన్వర్టర్ గదిలో అలారం చూసి చెప్పడం వాళ్లకు ఆరు నెలల్లో నేర్పించొచ్చు. నేర్పించి పంపేయకు, జీతం మార్చు.

మీ సూపర్‌వైజర్లు "వాళ్ల వల్ల కాదు సార్" అంటారు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లు పనికిరారన్నప్పుడు సిద్దిపేట జిల్లా నుంచి బబ్బూరి శిరీష హైకోర్టు దాకా వెళ్లింది, 2020 డిసెంబరులో పరీక్షకు 8 మీటర్ల స్తంభం ఎక్కి చూపించింది. మీ దగ్గర ఎక్కడానికి స్తంభం కూడా లేదు, ప్యానెళ్లు బిగించే టేబుల్ నడుమెత్తే.

ఇంకోటి, జాగ్రత్తగా చదువు. మేస్త్రీ ద్వారా మనుషులను పెట్టుకుంటే వాళ్ల బంధువులే వస్తారు, వాళ్ల వీధే వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగానికి రిజర్వేషన్ రోస్టర్ ఉంది, నీకు లేదు, నీ బుద్ధే. ఓర్వకల్లు దారిలో గని, శకునాల దగ్గర పార్కు చూశావుగా, 1000 మెగావాట్లు, దాదాపు 6 వేల ఎకరాలు. ఏ పార్కు వచ్చినా పట్టా ఉన్నవాడికి పరిహారం వస్తుంది. ఆ చేలో శెనక్కాయలు పీకిన కూలామెకు ఆ భూమితోపాటే పని పోయింది. కాబట్టి ఖాళీల కాగితం వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకుండా ఊరి సచివాలయం గోడకు అంటించు, ఎస్సీ కాలనీలో చదివి వినిపించు. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి, మేస్త్రీ చేతిలో కాదు.

పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, లైంగిక వేధింపులను ఆపే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీ నోటీసు బోర్డు మీద పేర్లు చూశాను, అందులో ఇద్దరు బదిలీ అయి ఏడాదైంది. మార్చు.

అత్తలు, మొగుళ్లు ఒప్పుకోరని కొందరు రారు. వాళ్లను ఒకరోజు సైటుకు పిలిచి చూపించు, టీ ఇవ్వు. నేను ఉద్యోగంలో చేరేటప్పుడు మీ తాత నన్ను మొదటిరోజు దింపి, గేటు బయట చింతచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నాడు. రెండోరోజు రాలేదు.

మార్చి 8న వాళ్లకు హెల్మెట్లు పెట్టి ఫొటో తీస్తారుగా, 9న వెనక్కి తీసుకోవద్దని స్టోర్స్‌వాడికి చెప్పు.

ఉగాదికి వస్తావు కదా, ఆ రెండు హాజరుపట్టీలూ తీసుకురా. ఇంజినీరు అమ్మాయిల పేర్లు అప్పుడే ఇస్తాను.

ఇట్లు,
మీ అత్త