సముద్రశాస్త్రం నేర్పే వీడియో గేమ్‌ను పరీక్షించబోయే పరిశోధకురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మాయీ, నీ పరిశోధన ప్రతిపాదన అందింది, రెండుసార్లు చదివాను. భీమిలి తీరంలోని రెండు ఉన్నత పాఠశాలల్లో తొమ్మిదో తరగతి పిల్లలచేత ‘బియాండ్ బ్లూ’ అనే వీడియో గేమ్ ఆడించి, సముద్రశాస్త్రం నేర్చుకోవడానికి ఆ ఆట ఎంతవరకు ఉపయోగపడుతుందో తేల్చాలన్న ఆలోచన మంచిదే. ఉపాధ్యాయ విద్యలో పనిచేసిన కాలమంతా ఇటువంటి ప్రతిపాదనలు చదువుతూ వచ్చినవాణ్ణి కనుక, పని మొదలుపెట్టక ముందే నువ్వు తేల్చుకోవలసిన సంగతులు కొన్ని రాస్తున్నాను. మొదలుపెట్టాక వాటిని సరిచేయడం నీ చేతిలో ఉండదు.

ముందుగా నీ ప్రశ్న గురించి. “ఆట వల్ల సముద్రశాస్త్రం వస్తుందా” అని అడిగితే అవుననీ చెప్పవచ్చు, కాదనీ చెప్పవచ్చు; రెండింటికీ ఆధారాలు దొరుకుతాయి. సముద్రశాస్త్రం అనే మాట కింద లవణీయత, ప్రవాహాలు, ఆటుపోట్లు, జీవజాలం, వాతావరణంతో సముద్రానికున్న సంబంధం అన్నీ వస్తాయి. అమెరికాలో శాస్త్రవేత్తలూ ఉపాధ్యాయులూ కలిసి 2005లో సముద్ర అక్షరాస్యతకు ఏడు మూల సూత్రాలను కూర్చారు కదా, వాటిని ఒక పట్టికగా రాసుకుని నీ ఆటను మొదటినుంచి చివరిదాకా నువ్వే ఆడి, ఏ సూత్రానికి సంబంధించిన పని ఆటగాడు స్వయంగా చేస్తున్నాడో, ఏది కేవలం తెరమీద కనిపించి పోతున్నదో గుర్తుపెట్టు. నాకు తెలిసినంతలో ఈ ఆటకు బలం మూడు విషయాల్లో ఉంది: లోతు పెరిగేకొద్దీ వెలుగూ జీవజాలమూ మారే తీరు, ఆహార సంబంధాలు, స్పెర్మ్ తిమింగలాలు ధ్వనిని వాడుకునే పద్ధతి. ఆటుపోట్ల మీద ప్రశ్న వేసి పిల్లలకు రాలేదని ఆటను తప్పుపడితే అది అన్యాయం. ఈ మూడింటికే పరిమితం కా. సిద్ధాంతగ్రంథం పేరు కొంచెం చిన్నదైనా ఫరవాలేదు.

రెండో సంగతి ఈ ఆటకే ప్రత్యేకమైనది, నీ ప్రతిపాదనలో దాని ప్రస్తావన లేదు. 2020లో ఈ-లైన్ మీడియా ఈ ఆటను బీబీసీ వారి ‘బ్లూ ప్లానెట్ 2’ భాగస్వామ్యంతో విడుదల చేసింది. ఆట సాగుతున్నకొద్దీ నిజమైన సముద్ర శాస్త్రవేత్తలు మాట్లాడే చిన్న డాక్యుమెంటరీలు అందులో ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి. మరి పిల్లలకు ఏదైనా వస్తే అది ఈదుతూ జీవులను స్కాన్ చేయడం వల్ల వచ్చిందా, ఆ వీడియోలు చూడటం వల్ల వచ్చిందా? ఆట ఆడిన గుంపును మామూలు పాఠం విన్న గుంపుతో మాత్రమే పోల్చితే ఈ రెండూ ఎన్నటికీ విడిపోవు. కాబట్టి ఆట లేకుండా ఆ వీడియోలను మాత్రమే చూసే గుంపు ఇంకొకటి కావాలి. వీడియోల గుంపు ఆటగుంపుతో సమానంగా నిలిచిందనుకో, కంప్యూటర్లు సరిపోని బడికి అంతకంటే పనికొచ్చే ఫలితం ఉండదు. ఒక్క ప్రొజెక్టరుతో పని జరిగిపోతుంది.

పాఠం చెప్పే గుంపు విషయంలో కూడా జాగ్రత్త పడాలి. కొత్త ఆటకు ఉత్సాహంగా ఉన్న పరిశోధకురాలిని, పాత పాఠానికి అలసిపోయిన ఉపాధ్యాయుణ్ణి పెట్టి పోల్చితే ఆటే గెలుస్తుంది, ఆ గెలుపుకు అర్థం ఉండదు. అభ్యసనానికి కారణం బోధన పద్ధతే తప్ప దాన్ని మోసుకొచ్చే మాధ్యమం కాదని విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే వాదించాడు. ఆ వాదాన్ని పూర్తిగా ఒప్పుకోని వారున్నారు, నేనూ పూర్తిగా ఒప్పుకోను, కాని అతని హెచ్చరికను పక్కన పెట్టలేము. పాఠం గుంపుకు అవే మూడు విషయాలు, అన్నే పీరియడ్లు, మంచి బొమ్మలు, చివర అదే చర్చ ఉండాలి. చర్చను రెండువైపులా ఉంచడానికి ఇంకొక కారణం కూడా ఉంది. వౌటర్స్ అనే పరిశోధకుడి బృందం 2013లో ఆటలతో నేర్పడం మీద జరిగిన 39 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఆటలకు తోడుగా వేరే బోధన ఉన్నచోట, ఒకసారితో సరిపెట్టకుండా పలుమార్లు ఆడినచోట, గుంపులుగా ఆడినచోట అభ్యసనం ఎక్కువగా కనిపించింది. ఆట ఒంటరిగా అద్భుతాలు చేస్తుందని ఆశించే ప్రయోగం వల్ల ఆటకే నష్టం.

ఇక ప్రశ్నపత్రం. నీ శ్రమలో సగం ఇక్కడే పెట్టమని చెబుతాను. నువ్వు జతచేసిన ముసాయిదాలోని ప్రశ్నల్లో చాలావరకు ఆటలో కనిపించిన జీవుల పేర్లు అడిగేవే. అవి ఆట ఆడినవాడికి తప్పక వస్తాయి, ఆడనివాడికి రావు. అందులో కొలిచేదేమీ లేదు. ఆట వెలుపలి సందర్భంలోకి విషయాన్ని తీసుకువెళ్ళగలరా అని చూడాలి, అందుకు మన తీరమే కావలసినంత సామగ్రి ఇస్తుంది. ఆటలో ఆహార సంబంధాలు చూసిన పిల్లవాడికి వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు), వాటిని తినే కవళ్ళు, కవళ్ళను తినే వంజరం ఈ మూడింటినీ ఇచ్చి, ప్లవకాలు తగ్గితే వంజరం వేట ఏమవుతుందో, ఎందుకో రాయమను. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూపించే ఉపరితల ఉష్ణోగ్రతనూ ప్లవకాల్లోని ఆకుపచ్చ పదార్థమైన క్లోరోఫిల్‌నూ బట్టి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను మత్స్యకారులకు తెలియజేస్తుంది కదా, ఆకుపచ్చ పదార్థాన్ని వెతికితే చేప ఎలా దొరుకుతుందని అడుగు. తిమింగలం ధ్వనితో వేటాడుతుందని ఆటలో తెలుసుకున్నవాడు, మరపడవలో లోతు కొలిచే ఎకో సౌండర్ అనే పరికరం సముద్రపు అడుగు ఎంత లోతులో ఉందో ఎలా చెప్పగలుగుతుందో వివరించగలడా చూడు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, సముద్రపు నీటిలో దాదాపు 1500 మీటర్లు పోతుందన్న అంకెలు నువ్వే ఇచ్చెయ్యి, వాటిని కంఠస్థం చేశారా అన్నది మన ప్రశ్న కాదు.

ఇక్కడే అందరూ మరిచిపోయే విషయం ఒకటి ఉంది: ఆట పిల్లలకు తప్పుగా ఏం నేర్పుతోంది? సముద్రం గురించిన ఆటలన్నిటికీ ఈ చిక్కు ఉంది, ఎందుకంటే నిజమైన సముద్రం చాలావరకు చీకటి, చాలావరకు ఖాళీ. దాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఎవరూ ఆడరు. ఈ ఆటలోని పరిశోధకురాలు గాలి అయిపోతుందన్న చింత లేకుండా లోతుల్లోకి ఈదుకుంటూ పోతుంది, ఎక్కడికి తిరిగినా ఏదో ఒక జీవి ఎదురవుతుంది. వినోదం కోసం దిగే డైవర్లకు 40 మీటర్లు హద్దని, 200 మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీదకన్నా సుమారు 21 రెట్లుంటుందని, 1000 మీటర్లు దాటాక సూర్యకాంతి ఏమాత్రం ఉండదని ఆ పిల్లవాడికి ఎవరు చెబుతారు? ఆడిన తర్వాత అతని మనసులో సముద్రం మునుపటికన్నా చిన్నదిగా, నిండుగా, సులువుగా మారిపోయి ఉండవచ్చు. దీన్ని పట్టుకోవడానికి ఒక చిన్న పని సూచిస్తాను. ప్రతి పిల్లవాడికీ 40 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీ ఇచ్చి, ఒక సెంటీమీటరు 100 మీటర్లకు సమానమని చెప్పి, వెలుగు బాగా చేరే చోటు, మనిషి గాలిసిలిండరుతో దిగగల చోటు, మహాసముద్రాల సగటు లోతు గుర్తించమను. వెలుగు బాగా చేరే చోటు రెండు సెంటీమీటర్లతో ఆగిపోతుంది, డైవరు అర సెంటీమీటరు కూడా దాటడు, సగటు లోతు సుమారు 37 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. ఇదే పట్టీని ఆటకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి గీయిస్తే గుర్తులు ఎటు జరిగాయో నువ్వు స్కేలుతో కొలవవచ్చు. ఆటగుంపులో డైవరు గుర్తు కిందికి జారితే ఆ సంగతిని గ్రంథంలో తప్పక రాయాలి, మిగిలిన మార్కులన్నీ పెరిగినా సరే.

పరీక్షను ముందుగా వేరే బడిలో ఒక సెక్షనుకు పెట్టి చూసి, అందరూ రాయగలిగిన ప్రశ్నలనూ ఎవరూ రాయలేని ప్రశ్నలనూ తీసెయ్యి. మత్స్యకార కుటుంబాల పిల్లలకు చేపల తిండి, తాబేళ్ళు గుడ్లుపెట్టే కాలం ఆటకు ముందు పెట్టే పూర్వ పరీక్షలోనే తెలిసి ఉంటాయి. అటువంటి ప్రశ్నల్లో ఇంకా పెరగడానికి చోటుండదు.

పిల్లల్ని విభజించే పద్ధతికి వద్దాం. ఒక బడికి ఆట, ఇంకొక బడికి పాఠం అని నువ్వు రాశావు. అలా చేస్తే నీ దగ్గరున్నవి 160 మంది కాదు, రెండు బడులే. తేడా వచ్చినా అది ఆటదో, ఆ బడిలోని సైన్సు మాస్టారిదో చెప్పలేవు. కంప్యూటర్లు తక్కువన్న ఇబ్బంది ఇక్కడ నీకు కలిసొస్తుంది. ఎలాగూ సెక్షను మొత్తం ఒకేసారి ఆ గదిలో పట్టదు కనుక, ప్రతి సెక్షనులోనూ హాజరుపట్టీ సంఖ్యలమీద లాటరీ వేసి మూడు గుంపులు చెయ్యి. మధ్యాహ్న భోజనం దగ్గర వాళ్ళు ఆట కబుర్లు చెప్పుకుంటారన్న మాట నిజమే, కాని బడికీ బడికీ మధ్య ఉండే తేడాకన్నా ఆ కబుర్ల వల్ల వచ్చే చిక్కు చిన్నదని నా అంచనా. మిగిలిన రెండు గుంపులకు చివరి పరీక్ష అయిపోయాక ఆట ఆడే అవకాశం ఇస్తానని మొదటిరోజే చెప్పు, చెప్పినట్టే ఇవ్వు.

సంఖ్య గురించి కొంచెం లెక్క. ఉదాహరణకు 20 మార్కుల పరీక్షలో రెండు గుంపులూ 9 దగ్గర మొదలై, ఆటగుంపు 13కు, పాఠం గుంపు 12కు చేరాయనుకో. మార్కుల ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, 4 అయితే ప్రభావ పరిమాణం (గుంపుల తేడాను ఆ విచలనంతో భాగిస్తే వచ్చేది) 0.25. ఇది చిన్నదని చిన్నబుచ్చుకోవద్దు, ఇందాక చెప్పిన 39 అధ్యయనాల సగటే 0.29. కాని 0.3 తేడాను పదింట ఎనిమిదిసార్లయినా పసిగట్టాలంటే గుంపుకు సుమారు 175 మంది కావాలి. పూర్వ పరీక్ష మార్కులను విశ్లేషణలో చేర్చి, రెండు పరీక్షల మార్కులు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధం 0.7 దాకా ఉంటే 90 మందితో గడుస్తుంది. నీ 160 మందిని మూడుగా పంచితే గుంపుకు 53 మందే వస్తారు, చాలరు. ఇంకో రెండు బడులను కలుపుకో. వీలుకాకపోతే పాఠం గుంపును వదిలి ఆటనూ వీడియోలనూ మాత్రమే పోల్చు. అప్పటికీ గుంపుకు 80 మందే అవుతారు కనుక కాస్త పెద్ద తేడానే తేలుతుంది, ఆ మాట ముందుగానే రాసుకో.

భాష విషయం నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఆటలో సంభాషణలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, మన పిల్లల్లో చాలామంది ఉపశీర్షిక సగం చదివేసరికి అది మాయమవుతుంది. నువ్వు పక్కన నిలబడి తెలుగులో చెబితే ఆ వివరణ కూడా ప్రయోగంలో భాగమే అవుతుంది కాబట్టి ఏం చెప్పాలో ముందే రాసుకుని, వీడియోల గుంపుకూ అదే చెప్పు. అలాగే ఇంట్లో ఫోనులో ఆటలు ఆడే అలవాటున్నవారికి మొదటి పీరియడులోనే చెయ్యి తిరుగుతుంది, లేనివారు, ముఖ్యంగా చేతికి ఫోను అందని ఆడపిల్లలు, రెండో పీరియడు దాకా గోడలకు గుద్దుకుంటూ ఉంటారు. ఆ అలవాటును ముందే అడిగి నమోదు చెయ్యి, ఆట నేర్పే పీరియడును అభ్యసన సమయంలో కలపకు. తెర చూస్తే కళ్ళు తిరిగే పిల్లలు కూడా ఒకరిద్దరుంటారు, వాళ్ళను బలవంతపెట్టవద్దు.

కొందరి పక్కన కూర్చుని చూడటం మానకు. స్కాన్ చేసిన జీవుల సంఖ్య నింపుకోవాలన్న తొందరలో, తెరమీద వచ్చిన రాతను చదవకుండానే బటన్ నొక్కుతూ పోయేవాడు ఆటలో ముందుంటాడు, పరీక్షలో వెనకబడతాడు. “ఇప్పుడెందుకు ఆ వైపు వెళ్ళావు?” అని అడిగి అతను చెప్పిన మాటల్నే రాసుకో. అంకెలు తేలాక వాటికి కారణం ఇలా రాసుకున్న నోటు పుస్తకంలోనే దొరుకుతుంది.

ఇష్టాన్ని కొలిచే ప్రశ్నావళి పెట్టావు, ఉంచు, కాని ఫలితాల అధ్యాయంలో దాన్ని అభ్యసనంతో కలపవద్దు. టీచరమ్మ కోసం మన పిల్లలు అన్నిటికీ “చాలా బాగుంది” మీదే టిక్కు పెడతారు. వౌటర్స్ బృందం లెక్కల్లో కూడా ఆటలు మామూలు బోధనకన్నా ప్రేరణను గణనీయంగా పెంచినట్టు తేలలేదు. చివరి పరీక్షను ఆట ముగిసిన వెంటనే ఒకసారి, ఆరు వారాల తరువాత చెప్పకుండా మరొకసారి పెట్టు. కొత్తదనం తగ్గాక మిగిలినదే నీకు కావలసినది. మధ్యలో దసరా సెలవులు పడకుండా తేదీలు చూసుకో, రెండోసారి హాజరుకానివారు ఏ గుంపులో ఎంతమందో లెక్కగట్టు.

జిల్లా విద్యాశాఖాధికారి అనుమతికి, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలకు ఇప్పుడే దరఖాస్తు పెట్టు, వాటికి నెల పడుతుంది. ఆ నెలలో ప్రశ్నపత్రాన్ని తిరగరాసి, ఏ ప్రశ్న ఏ విషయాన్ని కొలుస్తుందో పక్కన రాసి నాకు పంపు. సముద్రశాస్త్రం పరంగా తప్పులు చూడటానికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ శాఖ అధ్యాపకులు ఎవరైనా ఒకసారి చదివితే మంచిది, పట్టీ ప్రశ్నలోని కొలతలతో సహా.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి