అల్లుడు పడి పడి నవ్వాడు, మామ లేచి బయటికెళ్ళాడు

ప్రశ్న: రెవెన్యూలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. దసరాకు బిడ్డా అల్లుడూ వచ్చారు. రాత్రి భోజనాలయ్యాక అల్లుడు "మామయ్యా, మీకు రాజకీయాల మీద కామెడీ ఇష్టం కదా" అని సోవియట్ నియంత స్టాలిన్ చావు మీద తీసిన 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' సినిమా పెట్టాడు. మనిషి ఉచ్చలో పడి కొట్టుకుంటుంటే చుట్టూ చేరినవాళ్ళు కుర్చీ లెక్కలు వేసుకోవడం, జనాన్ని వరసగా కాల్చెయ్యడం... అరగంటకే లేచి అరుగు మీద కూర్చున్నాను. 'ఎస్ మినిస్టర్' అయితే ఎన్నిసార్లయినా చూస్తాను. అది ముసలోళ్ళ కామెడీ అంటాడు అల్లుడు. నాకు హాస్యం తెలియదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తెలియకపోతే 'ఎస్ మినిస్టర్' అన్నిసార్లు ఎట్లా చూస్తారు సార్? ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. 1980లో బీబీసీలో మొదలైన ఆ సీరియల్‌లో ఒక ఆసుపత్రి ఉంది, గుర్తుందా, ఐదు వందల మంది స్టాఫ్, రోగి మాత్రం ఒక్కడూ లేడు, పైగా శుభ్రతకు అవార్డు! దాన్ని మంత్రి కింది పెద్ద అధికారి సర్ హంఫ్రీ సమర్థిస్తుంటే మీకు మీ పాత సెక్షన్ సూపరింటెండెంట్ కనిపించి ఉంటాడు. అనుభవించినవాడికి నవ్వు తొందరగా వస్తుంది. మీ అల్లుడు ఏనాడూ ఫైలు పట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగి ఉండడు, అతనికి అది చప్పగా ఉంటే తప్పు పట్టలేం.

అయితే అతని వైపు నుంచి కూడా ఒక మాట. అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్‌కు మీ సీరియల్ ఎంత ఇష్టమంటే, 1984లో ఆ నటులతో కలిసి తనే ఒక చిన్న స్కిట్ వేసింది. సూది ఎవరికి గుచ్చుకోవాలో వాళ్ళే వచ్చి చప్పట్లు కొడుతున్నారంటే ఆ సూది మొన మీద నాకు కొంచెం అనుమానమే. స్టాలిన్ సినిమాకేమో రష్యా 2018 జనవరిలో, రేపోమాపో విడుదలనగా, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది.

మీరు లేచి వెళ్ళిన చోటే అసలు సరుకుంది. నాయకుడు పడిపోయాడు, డాక్టర్ని పిలవాలి, మంచి డాక్టర్లను తామే కుట్ర పేరు పెట్టి లోపలేశారు, ఇప్పుడెవర్ని పిలుస్తారు? 1953లో డాక్టర్ల మీద ఆ కుట్ర కేసు నిజంగానే నడిచింది. నవ్వొస్తుంది, వచ్చినందుకు మనకే సిగ్గేస్తుంది. దర్శకుడు ఇయనూచికి కావలసింది అదే.

మన పిట్టల దొరను తలుచుకోండి. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి, ముఖంలో నవ్వన్నది లేకుండా కోతల మీద కోతలు కోస్తూ దొరల దర్జానంతా గంగలో కలుపుతాడు. నడుమ తను నవ్వాడా, ఆట పోయినట్టే. 'ఎస్ మినిస్టర్'లో స్టూడియోలో కూర్చున్నవాళ్ళ నవ్వులు వినిపిస్తాయి, వాళ్ళ వెంట మనమూ నవ్వేస్తాం. స్టాలిన్ సినిమాలో ఆ తోడు లేదు, నవ్వాలో జడుసుకోవాలో మనమే తేల్చుకోవాలి.

ఇంకోటి, మీరు కింద అక్షరాలు చదువుతూ చూశారేమో. అందులో రష్యావాళ్ళెవరూ రష్యన్ యాసలో మాట్లాడరు, ఏ పాత్ర ఇంగ్లీషు ఆ పాత్రదే. స్టాలిన్‌ది లండన్ వాడల యాస, మార్షల్ జుకోవ్‌ది యార్క్‌షైర్ యాస. ఛాతీ నిండా పతకాలు వేసుకున్న సైన్యాధిపతి దర్బారులోకొచ్చి మన పరకాల మాటలో "ఏందిరా బై" అంటే ఎట్లుంటుంది? ఆ రుచంతా సబ్‌టైటిల్స్‌లో ఆవిరైపోతుంది. పుస్తక భాషలోకి మార్చిన మన సామెతలాగే.

రాజీ కావాలంటే ఇద్దరూ కలిసి 'ది థిక్ ఆఫ్ ఇట్' చూడండి. అదీ ఇయనూచిదే, 2005లో మొదలైంది. మంత్రులు, అధికారులు, పత్రికల భయం, అంతా మీకు తెలిసిన లోకమే, శవాలుండవు. బూతులు మాత్రం విపరీతం, కాబట్టి పిల్లలు పడుకున్నాక.

ప్రశ్న: మా హాస్టల్ గదిలో ఒకమ్మాయి 'ఫోర్ లయన్స్' చూసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. బాంబులు పెట్టేవాళ్ళ మీద కామెడీ ఏంటి? ఆమెతో మాటలు బంద్ చేశాను.
– కాజీపేట

జవాబు: మాటలు బంద్ చేసేంత తప్పు కాదమ్మా. 2010లో క్రిస్ మోరిస్ తీసిన ఆ సినిమాలో చచ్చిపోయిన అమాయకుల మీద జోకులు లేవు. కాకికి బాంబు కట్టి పంపుదామనుకునే తెలివితక్కువ వాళ్ళ మీదే. భయంకరమైన పనులు చేసేవాళ్ళంతా మేధావులై ఉండరు, అతను పట్టుకున్నది ఆ సంగతిని. నేనూ సగం దాకా బాగానే నవ్వాను. తండ్రి కొడుకును పడుకోబెడుతూ 'లయన్ కింగ్' కథను తన పనికి అనుకూలంగా మార్చి చెప్పే చోట గొంతు పట్టేసింది, ఆ తర్వాత నవ్వు సరిగ్గా రాలేదు. 2007లో గోకుల్ చాట్ దగ్గరో లుంబినీ పార్కులోనో మనవాళ్ళనెవరినైనా పోగొట్టుకున్న ఇంట్లో ఆ సినిమా పెట్టమని మాత్రం నేను చెప్పను. నీకు నవ్వు రాలేదు, సరే. ఎందుకు రాలేదో ఆమెకు చెప్పు, ఆమెకు ఎక్కడ వచ్చిందో అడుగు. మాటలు బంద్ అయితే ఈ రెండూ జరగవు.

ప్రశ్న: ఇటువంటివి ఎప్పుడూ చూడలేదు. దేనితో మొదలుపెట్టాలి?
– కరీంనగర్

జవాబు: 1949 నాటి 'కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్'. జమీందారీ తనకు రావాలని, వరసలో తనకంటే ముందున్న బంధువులను ఒక్కొక్కరినే మర్యాదగా పైకి పంపించే మనిషి కథ. ఆ వంశం వాళ్ళందరినీ, ఒక ఆడమనిషితో సహా, అలెక్ గినెస్ ఒక్కడే వేశాడు. ఆస్తి తగాదాలు మనకు కొత్తా? బ్లాక్ అండ్ వైట్ సినిమా, నెత్తురు కనబడదు, పైన రాసిన హనుమకొండ పెద్దాయనకూ పడుతుంది.