టెస్టింగ్ టూల్ గురించి రాయబోతున్న తమ్ముడికి

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ చిత్తుప్రతి అందింది. మీ బృందం తయారు చేసిన బీడీడీ (బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్: సాఫ్ట్‌వేర్ ఎలా ప్రవర్తించాలో అందరికీ అర్థమయ్యే ఉదాహరణలతో ముందే రాసుకుని పరీక్షించే పద్ధతి) టూల్‌ను తెలుగు చదివే డెవలపర్లకు పరిచయం చేసే పని నీకు అప్పగించారని, ఇదే నీ మొదటి వ్యాసమని రాశావు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కనుక చెబుతున్నాను: మొదటి రెండు పేజీలు అక్కడినుంచి తీసేయ్. వాటిలో తప్పేమీ లేదు. జావా ఏ వెర్షన్ కావాలో, ఏ కమాండ్ కొట్టాలో, ఫోల్డర్లు ఎలా అమర్చుకోవాలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ వండేదేమిటో చెప్పకుండా పొయ్యి వెలిగించే పద్ధతి వివరించినట్టుంది.

నీ పాఠకుడు ఎవరో ఒకసారి తలచుకో. అతను ఇప్పటికే జేయూనిట్‌తోనో పైటెస్ట్‌తోనో యూనిట్ టెస్టులు, అంటే కోడ్‌ను చిన్న చిన్న ముక్కలుగా పరీక్షించేవి, రాస్తున్నాడు. అవన్నీ పాసవుతున్నాయి. అయినా డెమో రోజున క్లయింటు "మేం అడిగింది ఇది కాదు" అంటాడు. కోడ్ సరిగ్గా పనిచేస్తోంది, కాకపోతే వేరే పని చేస్తోంది. ఈ బాధ పడ్డవాడికే నీ వ్యాసం కావాలి. పడనివాడికి నువ్వెంత చెప్పినా ఇదొక అదనపు బరువుగానే కనిపిస్తుంది. అందుకని మొదటి పేరాలో టూల్ పేరు లేకపోయినా ఫరవాలేదు, ఈ బాధ ఉండాలి.

బీడీడీ పుట్టుక గురించి నువ్వు ఒక్క వాక్యంతో సరిపెట్టావు. అక్కడ కొంచెం ఆగాల్సింది, ఎందుకంటే ఆ కథ నీలాంటివాడికే పనికొస్తుంది. డాన్ నార్త్ అనే ప్రోగ్రామర్ అప్పట్లో, కోడ్ కన్నా ముందే టెస్టు రాసే టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్ నేర్పిస్తుండేవాడు. వెళ్లిన ప్రతిచోటా అవే ప్రశ్నలు: ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని పరీక్షించాలి, దేన్ని వదిలేయాలి, టెస్టుకు ఏం పేరు పెట్టాలి, ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో ఎలా తెలుస్తుంది? చూడు, వీటిలో ఒక్కటీ యంత్రానికి సంబంధించిన ప్రశ్న కాదు. అన్నీ చెప్పడానికీ అర్థం కావడానికీ సంబంధించినవే. ఆయన సహోద్యోగి ఒకరు రాసిన చిన్న ప్రోగ్రామ్ టెస్ట్ మెథడ్ పేర్లలోంచి 'టెస్ట్' అనే ముక్క తీసేసి, మిగతాదాన్ని మామూలు వాక్యాలుగా అచ్చువేసేది. ఆ వాక్యాలు వ్యాపారం చూసుకునేవాళ్లకు కూడా అర్థమవుతున్నాయని డెవలపర్లు గమనించారు. 2003 చివర్లో నార్త్ జేబిహేవ్ అనే టెస్టింగ్ టూల్ మొదలుపెట్టినప్పుడు 'టెస్ట్' అన్న మాటకు బదులు 'ప్రవర్తన' అన్న మాటనే అంతటా వాడాడు. తర్వాత క్రిస్ మాట్స్ అనే బిజినెస్ అనలిస్టుతో కలిసి కూర్చున్నప్పుడు గివెన్ (ముందున్న పరిస్థితి), వెన్ (జరిగిన పని), దెన్ (రావాల్సిన ఫలితం) అనే మూడంచెల రూపం వచ్చింది.

2006లో ఆయన ఈ సంగతులన్నీ వ్యాసంగా రాస్తూ తీసుకున్న ఉదాహరణ ఏటీఎం. ఖాతాలో డబ్బుంది, కార్డు చెల్లుతుంది, యంత్రంలో నోట్లున్నాయి. ఖాతాదారు డబ్బు అడిగాడు. అప్పుడు ఖాతాలోంచి సొమ్ము తగ్గాలి, నోట్లు రావాలి, కార్డు తిరిగి రావాలి. పరిమితి దాటి వాడేసిన ఖాతా అయితే తిరస్కరిస్తున్నట్టు సందేశం కనిపించాలి, నోట్లు రాకూడదు, కార్డు మాత్రం అప్పుడూ తిరిగి రావాలి. ఆ చివరి ముక్క చూశావా? డబ్బు లెక్కల్లో మునిగిన ప్రోగ్రామర్‌కు కార్డు గుర్తుకు రాదు. ఏటీఎం ముందు నిలబడేవాడికి అదే ముందు గుర్తుకొస్తుంది. బీడీడీ అంతా ఈ ఒక్క చోట కనిపిస్తుంది. నీ చిత్తుప్రతిలో ఇలాంటి చోటు ఒక్కటీ లేదు.

నువ్వు పెట్టిన ఉదాహరణ క్యాలిక్యులేటర్. రెండూ మూడూ కలిపితే అయిదు. దయచేసి దాన్ని తీసేయ్. రెండూ మూడూ కలిపితే ఎంతో ఎవరినీ అడిగి తెలుసుకోనక్కరలేదు. అడగాల్సిన అవసరమే లేని చోట బీడీడీకి పనే లేదు. మనవాళ్లందరికీ తెలిసినట్టే ఉండి, తీరా కూర్చుంటే తెలియని నియమం ఒకటి తీసుకో. నన్నడిగితే రైల్లో పిల్లల టికెట్.

నియమం చిన్నదే. అయిదేళ్ల లోపు పిల్లలకు బెర్త్ తీసుకోకపోతే టికెట్ అక్కరలేదు. అయిదు నిండి పన్నెండు నిండనివాళ్లకు బెర్త్ వద్దంటే సగం ఛార్జీ. విడిగా బెర్త్ కావాలంటే పెద్దల ఛార్జీ మొత్తం కట్టాలి. ఈ చివరిది 2016 ఏప్రిల్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకుముందు సగం ఛార్జీకే బెర్త్ ఇచ్చేవారు. మీ టూల్ కూడా కుకుంబర్ అనే బీడీడీ టూల్ లాగానే గెర్కిన్ ఫైళ్లు (గివెన్, వెన్, దెన్ రూపంలో ఉదాహరణలు రాసే ఫైళ్లు) చదువుతుందన్నావు కదా, అయితే తెలుగులోనే రాయవచ్చు. గెర్కిన్‌కు 70కి పైగా భాషల్లో కీలక పదాలున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. ఫైలు మొదటి పంక్తిలో భాష తెలుగు అని ప్రకటిస్తే చాలు:

గుణము: పిల్లల రైలు టికెట్ ఛార్జీ

కథనం: బెర్త్ కోరనప్పుడు
చెప్పబడినది ప్రయాణం రోజున వయసు <వయసు> ఏళ్లు
మరియు విడిగా బెర్త్ కోరలేదు
ఈ పరిస్థితిలో స్లీపర్ తరగతి ఛార్జీ లెక్కించినప్పుడు
అప్పుడు మూల ఛార్జీ <ఛార్జీ> పడాలి

ఉదాహరణలు:
| వయసు | ఛార్జీ |
| 4 | సున్నా |
| 5 | సగం |
| 11 | సగం |
| 12 | పూర్తి |

గివెన్‌కు బదులు వచ్చే 'చెప్పబడినది' అన్న మాట నాకూ నచ్చదు, కోర్టు కాగితంలా ఉంది. కానీ టూల్ గుర్తుపట్టే మాట అదే కనుక భరించు. నువ్వు చూడాల్సింది పట్టికలోని అంకెలను. 7, 8 పెట్టలేదు, అక్కడ ఎవరూ పొరబడరు. 4 పక్కన 5, 11 పక్కన 12 పెట్టాను. డెవలపర్ రాసే షరతులో 'కన్నా తక్కువ' ఉండాల్సిన చోట 'తక్కువ లేదా సమానం' పడిందంటే ఈ నాలుగు వరుసల్లో ఏదో ఒకటి ఫెయిలై ఎర్రబడుతుంది.

ఇక మొదటి అడుగు మళ్లీ చదువు. 'ప్రయాణం రోజున వయసు' అని రాశాను. ఎందుకలా రాశానని నీ పాఠకుడు ఆగాలి. టికెట్ 60 రోజుల ముందే తీసుకోవచ్చు. తీసుకున్న రోజున పాపకు నాలుగేళ్లు, రైలెక్కే నాటికి అయిదు నిండుతాయి. ఏ వయసు లెక్క? కోడ్ రాసేవాడు తనకు తోచింది రాసేస్తాడు, టెస్టర్ తనకు తోచింది పరీక్షిస్తాడు, ఇద్దరి ఊహలూ కలిస్తే తప్పు కూడా పాసైపోతుంది. ఈ ప్రశ్న కోడ్ రాయకముందే, నియమం తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడే బయటపడాలి. మాట్ విన్ అనే ఆయన ఇందుకోసం రంగు కార్డుల పద్ధతి ఒకటి పెట్టాడు: కథకు పసుపు, నియమాలకు నీలం, ఉదాహరణలకు ఆకుపచ్చ, జవాబు తెలియని ప్రశ్నలకు ఎరుపు. బల్ల మీద ఎర్ర కార్డులు ఎక్కువగా ఉంటే ఆ పని ఇంకా కోడింగ్‌కు సిద్ధం కాలేదని అర్థం. నీ వ్యాసంలో టూల్‌ను నడపడానికి ముందు ఈ సంభాషణ నాలుగు వాక్యాల్లోనైనా ఉండాలి. లేకపోతే ఈ ఉదాహరణలుండే ఫీచర్ ఫైల్‌ను డెవలపర్ ఒక్కడే కూర్చుని రాసుకోవాలేమో అనుకుంటారు. చాలా ఆఫీసుల్లో జరిగేది అదే, అందుకే చాలా ఆఫీసుల్లో ఇది విసుగు పుట్టిస్తుంది.

నీ మూడో పేజీలో లాగిన్ సినారియో, అంటే లాగిన్ ఎలా జరగాలో అడుగడుగునా చెప్పే ఉదాహరణ, ఉంది. 'యూజర్ పేరు పెట్టెలో ఫలానాది టైపు చేసి, పాస్‌వర్డ్ పెట్టెలో ఫలానాది టైపు చేసి, నీలం బటన్ నొక్కి' అంటూ పదకొండు అడుగులు. ఇది ప్రవర్తన కాదు, వేళ్ల కదలికల జాబితా. రేపు ఎవరో బటన్‌ను ఆకుపచ్చగా మారిస్తే నీ సినారియో అబద్ధమవుతుంది, లాగిన్ నియమం మాత్రం మారదు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే రూబీ ఆన్ రెయిల్స్ కోసం వచ్చిన కుకుంబర్ ప్యాకేజీ ఒకప్పుడు ఇలాంటి టైపు చేసి నొక్కే అడుగులను తానే తయారుగా ఇచ్చేది. జనం వాటినే పేర్చుకుంటూ వందల కొద్దీ చదవలేని సినారియోలు రాస్తున్నారని 2011లో దాన్ని తీసేశారు. కుకుంబర్‌ను మొదలుపెట్టిన అస్లాక్ హెలసోయ్ స్వయంగా ఆ తీసివేతను సమర్థించాడు. సౌకర్యంగా ఉన్నదాన్ని తీసేస్తే ఎంత గోల అయి ఉంటుందో ఊహించుకో. అయినా తీశారు. నీ పదకొండు అడుగులను మూడు చేయి. పెట్టెలు, బటన్ల సంగతి ఆ అడుగును నడిపే కోడ్‌లో, అంటే స్టెప్ డెఫినిషన్ లోపల ఉండనీ.

తెలుగులో సినారియోలు రాసేవాడికి మరో చిక్కుంది, నీ వ్యాసం తప్ప మరెక్కడా దొరకని సమాచారం ఇదే కావచ్చు కనుక చోటివ్వు. స్టెప్ డెఫినిషన్ అంటే వాక్యాన్ని కోడ్‌తో కలిపే నమూనా. అక్షరం తేడా వచ్చినా కలవదు. మన క్రియ కర్తను బట్టి మారుతుంది. 'ప్రయాణికుడు వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు', 'ప్రయాణికురాలు వెయిటింగ్ లిస్టులో ఉంది', 'ప్రయాణికులు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు' అని ముగ్గురు ముచ్చటగా మూడు రకాలుగా రాస్తే మూడు నమూనాలు కావాలి. కర్తను మనిషి నుంచి వస్తువుకు మార్చు: 'టికెట్ స్థితి వెయిటింగ్ లిస్టు'. ఒక్క నమూనాతో అయిపోతుంది. విభక్తి కూడా అంతే, మారే విలువకు 'ని', 'కి' అతికించకుండా వాక్యం కట్టు. '1 సంవత్సరం', '7 సంవత్సరాలు' లాంటి చోట్ల కుకుంబర్ నమూనాలో మధ్యన వాలు గీత (/) పెట్టి రెండు రూపాలనూ ఒప్పుకోవచ్చు, మీ టూల్‌లో ఆ సౌకర్యం ఉందో లేదో అడిగి రాయి. అంకెలు మాత్రం 1, 2, 3 లే వాడమను. అంకెను గుర్తుపట్టే మామూలు నమూనా పైథాన్‌లో తెలుగు అంకెలను కూడా పట్టుకుంటుంది, జావాలోనూ జావాస్క్రిప్ట్‌లోనూ పట్టుకోదు. అభిమానం కొద్దీ తెలుగు అంకెలు వేసినవాడు సగం రోజు తల పట్టుకుంటాడు.

టూల్‌ను నడిపి చూపించేటప్పుడు మొదటే పాసైన తెర చూపించకు. ముందు స్టెప్ డెఫినిషన్లు లేకుండానే నడుపు. కుకుంబర్ అయితే ప్రతి అడుగునూ పసుపు రంగులో చూపించి, ఇది నాకు తెలియదు అంటూనే, నువ్వు రాయాల్సిన ఖాళీ ఫంక్షన్‌ను తానే రాసి ఇస్తుంది. దాన్ని అతికించి కోడ్ లేకుండా నడిపితే ఇంకా పూర్తి కాలేదంటుంది. తప్పు కోడ్ పెడితే ఎరుపు, ఆ తర్వాతి అడుగులను వదిలేస్తుంది. ఆ తర్వాతే ఆకుపచ్చ. పాఠకుడికి ఇంట్లో ముందుగా ఎదురయ్యేది పసుపు తెరే. దాన్ని నువ్వు ముందే చూపిస్తే కంగారు పడడు.

ఖర్చు దాచకు. ఫీచర్ ఫైల్, స్టెప్ డెఫినిషన్, అసలు కోడ్ అని మూడు పొరలు పోషించాలి. బ్రౌజర్ తెరిచి చేసే పరీక్షలు నెమ్మదిగా నడుస్తాయి. ఫీచర్ ఫైళ్లను డెవలపర్లు తప్ప ఎవరూ చదవని చోట ఈ టూల్ అక్కరలేదు, మంచి పేర్లు పెట్టిన యూనిట్ టెస్టులు చాలు. ఈ మాట రాస్తే మీ మేనేజర్ ముఖం చిట్లిస్తాడు. రాయి. అది చదివాక కూడా టూల్ కావాలనుకున్నవాడు మధ్యలో వదిలేయడు.

కొత్త టూల్ అనగానే పాఠకుడికి వచ్చే మరో అనుమానం, ఇది ఎన్నాళ్లుంటుంది అని. న్యాయమైన అనుమానమే. డాట్‌నెట్ వాళ్లు ఏళ్ల తరబడి నమ్ముకున్న స్పెక్‌ఫ్లో అనే బీడీడీ టూల్‌కు 2024 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయింది. దాన్ని మొదట తయారు చేసిన గాస్పర్ నాగీయే అదే కోడ్ నుంచి రెక్‌ఎన్‌రోల్ అని కొత్తది మొదలుపెట్టాడు. మారినవాళ్లకు అంత నష్టం కలగకపోవడానికి ఒక కారణం, ఫీచర్ ఫైళ్లు మామూలు గెర్కిన్ పాఠం కావడం. మీ టూల్ గెర్కిన్‌కు సొంత హంగులేమైనా చేర్చి ఉంటే అవేవో విడిగా చెప్పు. రేపు టూల్ మారితే వెంట రానివి అవే.

భాష గురించి రెండు ముక్కలు. 'ఈ టూల్ ద్వారా టెస్టులు నిర్వహించబడతాయి' అని రాశావు. ఎవరు నిర్వహిస్తారు? 'ఈ టూల్ టెస్టులు నడుపుతుంది' అను. 'విప్లవాత్మక', 'అత్యాధునిక', 'సమగ్ర పరిష్కారం' అన్న మాటలన్నీ కొట్టేయ్. డెవలపర్లు ఆ మాటలు కనిపించగానే పక్కకు జరుగుతారు. సినారియో, స్టెప్, ఫీచర్ ఫైల్ అన్నవాటికి తెలుగు మాటలు పుట్టించే ప్రయత్నం వద్దు, ఆఫీసులో అనేవే రాయి.

సవరించిన ప్రతి పంపేటప్పుడు ఫీచర్ ఫైల్ కూడా జతచెయ్, నా దగ్గర నడిపి చూస్తాను. వ్యాసంలో అచ్చయ్యే ప్రతి పంక్తీ ఆ ఫైలు నుంచే అతికించినదై ఉండాలి, చేత్తో మళ్లీ టైపు చేయకు. పట్టికలో 12 ఏళ్ల వరుసను 'సగం' అని మార్చి ఒకసారి నడుపు. అప్పుడు మీ టూల్ ఇచ్చే ఎర్ర సందేశాన్ని ఉన్నది ఉన్నట్టు పంపు. ఏది రావాలో, ఏది వచ్చిందో అందులో స్పష్టంగా లేకపోతే ఆ విషయం ముందు మీ బృందానికి చెప్పు, వ్యాసం వారం ఆగినా ఫరవాలేదు.

ఇట్లు,
నీ అన్నయ్య