బైకు రేసు ఆట, రోడ్డు మీద దూకుడు: హనుమకొండ అక్కకు సమాధానం

అక్కా, బైకు రేసు ఆట మరిగాక మీ అబ్బాయి సైకిల్‌ను బస్సుల మధ్య నుంచి దూరుస్తున్నాడని రాశారు. మీ భయం ఉత్తది కాదు. 2007లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో, రేసు ఆట ఆడిన మగవాళ్లు ఆ వెంటనే కంప్యూటర్‌లో చూపిన రోడ్డు సన్నివేశాల్లో వేరే ఆట ఆడినవాళ్లకంటే ఎక్కువ తెగించారు.

కాజీపేటలో మా మేనల్లుడిని దగ్గర నుంచి చూశాను. ఫోను పక్కన పెట్టాక కూడా వాడి బొటనవేళ్లు తొడమీద నొక్కుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు బండి ఇవ్వకూడదు. ఆటకూ సైకిల్‌కూ మధ్య అరగంటైనా ఎడం పెట్టండి. ఈ అరగంట నా అనుభవం చెప్పిన లెక్క.

ఫోను మాత్రం లాక్కోకండి. తెర మీది అనుభవం మంచివైపూ నడిపిస్తుంది. 2013 నాటి అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, వర్చువల్ రియాలిటీలో (కళ్లకు పెట్టుకునే తెర చూపే కల్పిత లోకంలో) సూపర్‌హీరోలా ఎగిరినవాళ్లు హెలికాప్టర్‌లో తిరిగినవాళ్లకంటే త్వరగా, కిందపడ్డ పెన్నులు ఏరడానికి సాయం వచ్చారు. సాయంత్రం మీవాణ్ణి బండి వెనక ఎక్కించుకుని భద్రకాళి చెరువు వైపు వెళ్లండి. ఎక్కడ వేగం తగ్గించాలో వాడినే చెప్పమనండి. మావాడు మూడో రోజే నా భుజం తట్టాడు: "మామయ్యా, నెమ్మది, ముసలమ్మ దాటుతోంది."