నూట పదహార్లు కాదు, పద్దెనిమిదులు: సినగాగ్ చదువులపై పాఠకుల ప్రశ్నలు

తెలుగు బైబిల్లో 'సమాజమందిరం' అని చదివేదే సినగాగ్. ఇళ్లలో చాలామంది యూదులు దాన్ని 'షూల్' అంటారు. యిద్దిష్ భాషలో ఆ మాటకు బడి అనే అర్థం కూడా ఉంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఆ బడి గురించే.

మా అబ్బాయి న్యూజెర్సీలో యూదుల అమ్మాయిని చేసుకున్నాడు. మా వియ్యపురాలికి యాభై దాటాయి. రెండేళ్లు చదువుకుని ఇప్పుడు 'అడల్ట్ బాత్ మిత్స్వా' చేసుకుంటున్నారట. ఆ శనివారం పొద్దున సినగాగ్‌కి రమ్మన్నారు. ఏమిటిది? ఏం పట్టుకెళ్లాలి?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

మగపిల్లాడికి పదమూడు, ఆడపిల్లకు పన్నెండు (కొన్ని శాఖల్లో పదమూడు) నిండగానే ధర్మం పాటించే బాధ్యత మీద పడుతుందని యూదుల నియమం. వేడుక చేసినా చేయకపోయినా పడుతుంది. ఆ సందర్భంలో మగపిల్లాడి చేత సభలో యూదుల ధర్మగ్రంథమైన తోరా చదివించడం పాత ఆచారం. అమెరికాలో ఆడపిల్లకు జరిగిన మొదటి బాత్ మిత్స్వాగా చెప్పుకునేది 1922 మార్చి 18న న్యూయార్క్‌లో జూడిత్ కాప్లాన్‌కు చేసినది. ఆ తర్వాత కూడా చాలా మందిరాలకు, చాలా ఇళ్లకు ఆ పద్ధతి చేరడానికి దశాబ్దాలు పట్టింది. చిన్నప్పుడు ఆ అవకాశం రానివాళ్లు పెద్దయ్యాక కూర్చుని చదువుకుని చేసుకునేదే ఇది. ఆడవాళ్లు సభలో తోరా చదువుతున్నారంటే అది కన్సర్వేటివ్ శాఖదో రిఫార్మ్ శాఖదో అయ్యుంటుంది. ఆర్థడాక్స్ మందిరాల్లో మామూలుగా ఇలా ఉండదు.

ఆ రెండేళ్లు ఏం చేశారో తెలిస్తే మీరు మూడు గంటలు ఓపిగ్గా కూర్చోగలుగుతారు. తోరా చుట్టలో హల్లులే ఉంటాయి. అచ్చుల గుర్తులు, విరామ చిహ్నాలు, స్వరం ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో చెప్పే గుర్తులు ఏవీ ఉండవు. అవన్నీ కంఠతా రావాలి. మన వేదపాఠంలో స్వరం తప్పకూడదన్నట్టే అక్కడా. సాధనకు 'తిక్కున్' అనే పుస్తకం వాడతారు. అందులో ఒక వరుసలో అన్ని గుర్తులతో, పక్క వరుసలో చుట్టలో ఉన్నట్టే ఉత్త అక్షరాలతో అదే భాగం ఉంటుంది. గుర్తులున్న వరుస చదివి, దాన్ని మూసి, రెండోది చదవాలి. ఒక్కొక్కరి వంతుకు కనీసం మూడు వచనాలు. ఆ మూడింటికే నెలలు పడతాయి.

చదివేటప్పుడు బల్లకు రెండు పక్కలా ఇద్దరు నిలబడతారు. అర్థం మారిపోయే తప్పు దొర్లితే వాళ్లు పైకే దిద్దుతారు, ఆవిడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి. అందరిముందూ తప్పు పట్టారేమిటని మీరు బాధపడకండి. ఎంత అనుభవజ్ఞులకైనా అదే మర్యాద.

చెప్పులు విప్పక్కర్లేదు. చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు, భుజాలు కప్పి ఉంటే చాలు. మీవారు గుమ్మం దగ్గర పెట్టెలో ఉండే చిన్న టోపీ, 'కిప్పా', పెట్టుకోవాలి. పక్కనే అంచులకు కుచ్చులున్న శాలువాలు వేలాడుతుంటాయి. అవి ముట్టుకోవద్దు, యూదులు మాత్రమే కప్పుకుంటారు. మర్యాదకని అదీ కప్పుకోవడం అతిథులు తరచు చేసే పొరపాటు. తోరా చుట్టలుండే మందసం తలుపు తెరిచినప్పుడల్లా లేచి నిలబడండి. చుట్టను ఊరేగిస్తూ మీ వరసకు వస్తే చేత్తో తాకొద్దు. చదివేవాళ్లు కూడా వేలితో ముట్టరు, 'యాద్' అనే వెండి పుల్లతో చూపిస్తారు. ఫోను కారులోనే వదిలేయండి. శనివారం వాళ్లకు విశ్రాంతి దినం, 'షబ్బాత్'. ఆరోజు ఫొటోలు తీయడం చాలా మందిరాల్లో నిషేధం. చదువు పూర్తయ్యాక జనం మెత్తటి మిఠాయిలు విసరొచ్చు. అక్షింతల్లాంటివే అనుకోండి, కాకపోతే కాస్త బరువు. చేయి కిందినుంచి మెల్లిగా వేయాలి.

ఇక పట్టుకెళ్లే సంగతి. పూతరేకులు, సున్నుండలు ఎంత శ్రేష్ఠమైనవైనా మందిరంలోకి తీసుకెళ్లకండి. అక్కడి వంటగది 'కోషర్' అనే యూదుల ఆహార నియమాల మీద నడుస్తుంది, ఇంటి వంటను లోపలికి రానివ్వరు. డబ్బు చదివించాలంటే పద్దెనిమిది చొప్పున: 36, 54, 180 డాలర్లు. హీబ్రూలో 'ఖాయ్' అంటే జీవంతో ఉన్నది అని. ఆ మాటలోని ఖెత్ అక్షరం విలువ 8, యోద్ విలువ 10. మన నూట పదహార్ల చోటు అక్కడ పద్దెనిమిదిది. అయితే ఆ కవరు శనివారం మందిరంలో చేతికివ్వకూడదు. విశ్రాంతి దినాన డబ్బు ముట్టరు. శుక్రవారం మధ్యాహ్నంలోగా గానీ ఆదివారం గానీ ఇంట్లో ఇవ్వండి. నోటితో 'మాజెల్ తోవ్' (శుభాకాంక్షలు) అని చెబితే చాలు.

నా భార్య యూదు. ఆమెతో కలిసి సినగాగ్‌లో పెద్దల హీబ్రూ తరగతిలో చేరాను. నాలుగు వారాలైనా ప్రార్థన పుస్తకంలో తెలుగులో రాసుకున్నది చూసే చదువుతున్నాను. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

ఆ తెలుగు రాతే తప్పు. దాన్ని ఇవాళే చెరిపేయండి. కంటికి తేలికైన దారి కనిపిస్తున్నంతకాలం కష్టమైనదాన్ని అది చూడదు. అక్షరాలు 22, పదం చివర రూపం మారేవి ఐదు. రోజుకు పావుగంట చొప్పున ఆరు వారాలు చాలు.

ముందు జంటల్ని విడదీయండి, తికమకంతా వాటిలోనే. దాలెత్ మూలకు కోణం ఉంటుంది, రేష్‌కు గుండ్రంగా తిరుగుతుంది. బేత్‌కు కింద కుడివైపు మడమ పొడుచుకొస్తుంది, కాఫ్‌కు రాదు. హే ఎడమ కాలికీ పైకప్పుకూ మధ్య సందు ఉంటుంది, ఖెత్‌కు ఉండదు. సామెఖ్ గుండ్రం, చివరి మేమ్ చతురస్రం. రోజుకొక జంట చొప్పున రాస్తూ నేర్చుకోండి. చూస్తూ నేర్చుకుంటే నిలవదు.

తెలుగువాడికి ఇక్కడ రెండు వరాలున్నాయి. ఒకటి గుణింతం. హల్లుకు కిందా పైనా గుర్తు పెట్టి అచ్చు చెప్పడం మనకు కొత్త కాదు. కింద ఒక చుక్క ఉంటే ఇ, మూడు చుక్కల ముక్కోణం ఎ, పైన చుక్క ఒ. నిలువుగా రెండు చుక్కలుంటే 'ష్వా', అది చాలాచోట్ల మన పొల్లే. కానీ పదం మొదట్లో వస్తే తేలికపాటి ఎకారం పలకొచ్చు. రెండో వరం 'ౘ'. చుక్క, చాప అనేటప్పుడు మనం పలికే దంత్య చకారమే త్సాదీ. ఇంగ్లిషువాళ్లు టి, ఎస్ కలిపి తంటాలు పడుతుంటే మీరు 'మిౘ్వా' అని హాయిగా అనేయొచ్చు. జాయిన్ అనే అక్షరం మాత్రం జడలోని జకారం కాదు. నాలుక పళ్లకు ఆనకుండా గాలి జారాలి.

కష్టమైనవి: ఖెత్‌ను మన 'ఖ' అని ఒత్తి పలకొద్దు, గొంతు వెనక గరగరలాడాలి. పదం చివర ఉకారం తగిలించే అలవాటు మానుకోండి. 'షబ్బాతు' కాదు, 'షబ్బాత్'. ఒక మినహాయింపు గుణింతం తెలిసినవాళ్లనే ఎక్కువ మోసం చేస్తుంది. పదం చివర ఖెత్ కింద అకారం గుర్తుంటే ముందు అకారం, తర్వాత హల్లు పలకాలి. అది 'నోఖ' కాదు, 'నోఆఖ్'. మన బైబిల్లోని నోవహు ఆయనే.

ఇంకొకటి, తెలుగు క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. మనం 'యెహోవా' అని చదివే నాలుగక్షరాల పేరును సినగాగ్‌లో ఎవరూ అలా పలకరు. ప్రార్థనలో 'అదొనాయ్' అంటారు, మామూలు మాటల్లో 'హషెమ్', అంటే 'ఆ పేరు'. తరగతిలో పైకి పలికితే గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది.

తాల్ముద్ తరగతి అంటే మన ప్రవచనం లాంటిదా? రోజుకో పేజీ చొప్పున మొత్తం చదివేస్తారట, నేనూ మొదలుపెట్టొచ్చా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ

తాల్ముద్ అంటే పాత యూదు పండితుల ధర్మచర్చల సంపుటి. ప్రవచనంలో ఒకరు చెబితే మిగతావాళ్లు వింటారు. ఇక్కడ ఇద్దరిద్దరు కూర్చుని పైకి చదువుతూ వాదించుకుంటారు. దాన్ని 'ఖెవ్రుతా' అంటారు. తరగతి గంటన్నర అయితే దాదాపు సగం జంటలుగానే గడుస్తుంది, ఆ తర్వాతే రబ్బీ (మతగురువు) నోరు విప్పుతారు. బయటివాళ్లకు చేపల మార్కెట్‌లా వినిపిస్తుంది. గది నిశ్శబ్దంగా ఉందంటే చదువు సాగడం లేదని అర్థం.

కొత్తవాళ్లకు తరచు ఇచ్చే భాగం తాల్ముద్‌లోని 'బావా మెత్సియా' అనే గ్రంథం మొదటి పేజీ. ఇద్దరు ఒకే వస్త్రాన్ని పట్టుకుని వచ్చారు. మొత్తం నాదని ఒకడు, మొత్తం నాదని ఇంకొకడు. ఇద్దరూ ప్రమాణం చేసి చెరిసగం పంచుకోవాలి. మరి ఒకడు మొత్తం నాదని, రెండోవాడు సగం నాదని అంటే? మొదటివాడికి ముప్పాతిక, రెండోవాడికి పావు. రెండోవాడు సగం వదులుకున్నాడు కనుక తగాదా మిగతా సగం మీదే, దాన్ని పంచితే లెక్క సరిపోతుంది. అంతటితో ఆగదు. అసలు ప్రమాణం దేనికి? లేకపోతే ఎవడైనా వీధిలో పోయేవాడి వస్త్రం పట్టుకుని నాదేననొచ్చు. 'మొత్తం నాది' అని కాకుండా 'సగానికి తక్కువ లేదు' అనే ప్రమాణం చేయించడమెందుకు? ఈ ఒక్క ప్రశ్నకే ఒక సాయంత్రం అయిపోతుంది.

పేజీ మధ్యలో మూలం, బైండింగు వైపు పదకొండో శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషి వ్యాఖ్య, బయటి వైపు ఆయన శిష్యపరంపర రాసిన 'తోసఫోత్'. దాదాపు ప్రతి గ్రంథం రెండో పేజీతోనే మొదలవుతుంది. పేజీ చిరిగిందేమోనని వెతుక్కోకండి, ఒకటో అంకె ముఖపత్రానికి పోతుంది.

జంట చదువు చెడేది ఒకే చోట: తెలిసినవాడు వివరిస్తాడు, తెలియనివాడు తలూపుతాడు. ఒకరు వాక్యం చదివితే అర్థం రెండోవాళ్లే చెప్పాలి, తర్వాత వాక్యానికి వంతు మారాలి. అది ప్రశ్నా, జవాబా, ఆక్షేపణా అన్నది తేలకుండా ముందుకు కదలకూడదు.

మీరు చెప్పిన రోజుకో పేజీ పద్ధతి 'దాఫ్ యోమీ'. నిజానికి అది ఒక ఆకు, అంటే రెండు వైపులు. 1923లో పోలండు రబ్బీ మేయిర్ షపీరో ప్రతిపాదించారు. మొత్తం 2,711 రోజులు, దాదాపు ఏడున్నరేళ్లు. 2020 జనవరి 5న మొదలైన పద్నాలుగో ఆవృత్తి 2027 జూన్ 7తో ముగుస్తుంది. కొత్తవాళ్లకు దాన్ని సిఫారసు చేయలేం. రెండు రోజులు తప్పితే బండి వెళ్లిపోతుంది. వారానికి పది వాక్యాలు చదవండి. సెఫారియా అనే వెబ్‌సైటులో ఇంగ్లిషు అనువాదంతో ఉచితంగా దొరుకుతుంది. జోడీ మాత్రం తప్పనిసరి, కాజీపేట నుంచైనా సరే.

నా సహోద్యోగి తండ్రి పోయారు. ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారట. తర్వాత రోజూ సినగాగ్‌కి వెళ్తానన్నాడు. పరామర్శకు ఎలా వెళ్లాలి?
– నర్సు, షికాగో

ఆ ఏడు రోజులూ 'షివా'. ఖననం జరిగిన రోజే మొదటి రోజు. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా వెళ్లొద్దు, విశ్రాంతి దినాన బహిరంగ శోకం ఉండదు. బెల్లు కొట్టకుండా తీసి ఉన్న తలుపులోంచి వెళ్లండి. వాళ్లు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు, అద్దాలు కప్పి ఉండొచ్చు. దుఃఖంలో ఉన్నవాళ్లు ముందు మాట్లాడేదాకా మీరు మాట్లాడకూడదు. పలకరింపుగా 'షలోమ్' అనరు. చావింటి నుంచి కదిలేటప్పుడు మనం వెళ్లొస్తామనం కదా, అలాంటిదే. పూలు పంపొద్దు. కోయని పండ్లు గానీ, కోషర్ ముద్రతో సీలు వేసిన ప్యాకెట్లు గానీ తీసుకెళ్లండి.

రోజూ వెళ్లేది 'కద్దీష్' చెప్పడానికి. తల్లిదండ్రులకైతే పదకొండు నెలలు. అది అరమాయిక్ భాషలో స్తుతి, చావు ఊసే ఉండదు. పదిమంది పెద్దవాళ్లు చేరితేనే చెప్పాలి. దాన్ని 'మిన్యాన్' అంటారు. ఆర్థడాక్సులు మగవాళ్లనే లెక్కిస్తారు. యూదులు కానివాళ్లు ఆ లెక్కలోకి రారు కనుక మీరు వెళ్లినా పదోవారు కాలేరు. మంచు కురిసే జనవరిలో పొద్దున ఏడింటికి పదోమనిషి కోసం ఫోన్లు చేసుకోవడం ఆ మందిరాల నిత్యజీవితం. అతణ్ణి పొద్దుటి డ్యూటీ నుంచి అరగంట తప్పించగలిగితే అదే పెద్ద సాయం.

రోష్ హషానా ఒక్కో ఏడు ఒక్కోలా దసరాకు దగ్గరగా, దూరంగా వస్తుందెందుకు?
– పాఠకుడు, విజయవాడ

రోష్ హషానా అంటే యూదుల ఉగాది. రెండూ చాంద్రమాన నెలలే, అధికమాసం వేసే పద్ధతే వేరు. వాళ్లు 19 ఏళ్లలో ఏడుసార్లు, ఎప్పుడూ అదార్ నెలనే రెట్టిస్తారు. మనకు సంక్రాంతి లేని నెల, అంటే సూర్యుడు రాశి మారని నెల ఏదైతే అది. 2025లో మనం నవరాత్రులు మొదలుపెట్టిన సెప్టెంబరు 22 సాయంత్రమే వాళ్ల కొత్త ఏడూ వచ్చింది. 2026లో మనకు అధిక జ్యేష్ఠం ఉంది, వాళ్ల అదనపు అదార్ 2027లో. అందుకే 2026లో రోష్ హషానా సెప్టెంబరు 11 సాయంత్రం, నవరాత్రులు అక్టోబరు 11న. ఇంకో తేడా, మనం సూర్యోదయ తిథి చూస్తాం, వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. యూదు మిత్రుల్ని భోజనానికి పిలిచేముందు ఇది చూసుకోండి. 2026లో సెప్టెంబరు 20 సాయంత్రం నుంచి 21 రాత్రి దాకా యోమ్ కిప్పూర్ ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టరు.

మన గుంటూరు దగ్గరే సినగాగ్ ఉందంటున్నారు, నిజమేనా?
– విద్యార్థిని, తెనాలి

నిజమే. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం సమాజానిది. బైబిల్లోని ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిం గోత్రం తమదని చెప్పుకునే ఈ మాదిగ కుటుంబాలు అంతకుముందు క్రైస్తవులు. 1980ల నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నారు. అలాగే మెనాషే గోత్రం తమదనే ఈశాన్య రాష్ట్రాల బ్నే మెనాషేలకు 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీల్లో ఒకరి గుర్తింపు దొరికింది, వీళ్లకు అలాంటిది రాలేదు. వెళ్లాలనుకుంటే ముందుగా కబురు పెట్టి అనుమతి తీసుకోండి. శనివారం అయితే కెమెరా ఇంట్లో పెట్టి వెళ్లండి.