ఇంకో రెండున్నరేళ్లు ఆగితే పెన్షన్... కానీ ఆగే ఓపిక నాకు లేదండి

ప్రశ్న: మేడమ్, మాది కవిటి దగ్గర ఊరు. మా ఆయన ఆర్మీలో నాయక్, పన్నెండున్నరేళ్ల సర్వీసు, ఇప్పుడు అరుణాచల్‌లో ఫీల్డ్, అంటే మమ్మల్ని తీసుకెళ్లలేని చోట డ్యూటీ. బాబుకి ఏడేళ్లు, పాపకి మూడేళ్లు, చదువు కోసం శ్రీకాకుళంలో అద్దెకి ఉంటున్నాం. ఇన్నాళ్లూ నా చెల్లి తోడుండి పిల్లల్ని చూసేది, దానికి పెళ్లయి వెళ్లిపోయింది, నేను స్కూల్లో టీచర్ పని మానేశాను. ఆయన పంపే 34 వేలు నెలాఖరుకి మిగలట్లేదు. అత్తమ్మ ఆపరేషన్‌కి ఊర్లో రెండు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం, ఆ సంగతి ఆయనకి పూర్తిగా చెప్పలేదు. బ్యాంకులో ఒకాయన చెప్తే ఏడాదికి 60 వేల పాలసీ తీసుకున్నా, కాగితాలు వచ్చి పద్దెనిమిది రోజులైంది. రాత్రుళ్లు నిద్ర రావట్లేదు, మొన్న బాబుని గరిటెతో కొట్టేసి తర్వాత నేనే ఏడ్చాను. వాడు మళ్లీ పక్క తడుపుతున్నాడు. ఆయన్ని డిశ్చార్జ్ తీసుకుని వచ్చేయమంటే తప్పా? ఏటి చెయ్యాలో తెలీడం లేదు.

జవాబు: చెల్లెమ్మా, రమ్మనడం తప్పేమీ కాదు. మా నాన్న కూడా ఆర్మీయే, మా అమ్మ విజయనగరంలో ముగ్గురు పిల్లలతో ఎలా నెట్టుకొచ్చిందో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి మీ ఉత్తరం (ఇక్కడ కుదించి వేశాం) చదివాక ఆ రాత్రి నాకూ సరిగా నిద్ర పట్టలేదు. అయినా మీవారు ఇప్పుడు వచ్చేయడం మాత్రం వద్దు. ఎందుకో లెక్కతో చెప్తా, వద్దన్నాక ఈ రెండున్నరేళ్లు మీరెలా దాటాలో కూడా చెప్తా, ఎందుకంటే ఊరికే ఓపిక పట్టండి అని చెప్పి వదిలేస్తే నేను మీకు చేసిన సాయం సున్నా.

జవానుకి సర్వీస్ పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. పన్నెండున్నరకి సొంతంగా వచ్చేస్తే గ్రాట్యుటీ, పీఎఫ్‌లో ఉన్నది చేతిలో పెడతారు గానీ నెలనెలా పెన్షన్ ఉండదు, రిటైరైన వాళ్లకి ఉండే ఈసీహెచ్ఎస్ వైద్యం కూడా పెన్షన్‌తో ముడిపడి ఉంది కాబట్టి అదీ పోతుంది. ఆయన బేసిక్ 33 వేలు అనుకుందాం, మిలిటరీ సర్వీస్ పే 5,200, మొత్తం 38,200, పెన్షన్ అంటే అందులో సగం 19,100, దాని మీద ధరలు పెరిగేకొద్దీ కలిపే డీఆర్ వేరే. అదీ ఆయనకి ముప్పై అయిదు దాటకుండానే మొదలై జీవితాంతం వస్తుంది, ఆయన తర్వాత మీకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. పిల్లల్ని చూసుకోడానికి ఒక మనిషిని పెట్టుకుంటే నెలకి 6 వేలు అనుకోండి, ముప్పై నెలలకి లక్షా ఎనభై వేలు. పెన్షన్ మొదలయ్యాక పది నెలల్లోపే ఆ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. మీరు రాసిన ఖర్చుల్లో అద్దె 6 వేలు, స్కూలూ ఆటో 6, సరుకులు పాలు గ్యాసు కరెంటు 10, అత్తమామలకి 3, వడ్డీ 4, చీటీ 5 ఉన్నాయి, అన్నీ కలిపితే సరిగ్గా 34, అందులో మీ చెల్లి చేసిన పనికి ఒక్క రూపాయి లేదు. ఆ అమ్మాయి ఊరికే చేసింది కాబట్టి అది ఖర్చులా కనపడలేదు, ఇప్పుడు ఆ పనంతా మీ ఒక్కరి మీద పడింది, దాని విలువ మీ నిద్రలోంచీ పిల్లాడి వీపు మీంచీ పోతోంది. అందుకే లిస్టులో మొదటి లైను సాయం మనిషి జీతం, అద్దె కూడా దాని తర్వాతే.

6 వేలు ఎక్కడ్నుంచి తేవాలంటారా. ముందు ఆ రెండు రూపాయల వడ్డీ సంగతి చూద్దాం. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం, మీవారి జీతంలోంచి నెలకి 15 వేలు ఏఎఫ్‌పీపీ ఫండ్‌కి, అంటే జవాన్ల పీఎఫ్‌కి కట్ అవుతున్నాయన్నారు కదా, దాని మీద వచ్చేది 7.1 శాతం. ఒక చేత్తో 7కి దాచుకుంటూ ఇంకో చేత్తో 24కి కడుతున్నారు, ఇది ఆయనకి తెలిస్తే ఒప్పుకుంటారా? ఆ ఫండ్‌లోంచి కుటుంబ వైద్యం లాంటి అవసరాలకి డబ్బు తీసుకోవచ్చు, వాయిదాల్లో కోసుకునే అడ్వాన్సు ఇస్తారో, తిరిగి కట్టక్కర్లేని విత్‌డ్రాయల్ ఇస్తారో సర్వీసునీ కారణాన్నీ బట్టి యూనిట్‌లో క్లర్క్ చెప్తారు. ఆపరేషన్ బిల్లులూ డిశ్చార్జ్ సమ్మరీ ఫోటోలు తీసి మీవారికి పంపండి, ఆ వచ్చిన డబ్బుతో ఊరి అప్పు తీర్చేయండి. అలాగే నెలకి కట్ అయ్యే 15 వేలని ఈ ముప్పై నెలలకి 9 వేలకి తగ్గించమని అప్లికేషన్ పెట్టమనండి. అక్కడ 6 వేలు, ఊరి వడ్డీ ఆగితే 4 వేలు, మొత్తం 10 వేలు చేతికొస్తాయి. ఆరు సాయం మనిషికి, నాలుగు బ్యాంకులో ఆర్డీకి. ఫండ్‌లోంచి తీసింది అడ్వాన్సయ్యి నెలనెలా కోత పడితే ఆ నాలుగు ఆర్డీ బదులు దానికి వెళ్తుంది, అంతే. సాయం మనిషి ఆరు మాత్రం కదపొద్దు.

పాలసీ విషయం మాత్రం ఇవాళ రేపట్లో తేలాలి. పాలసీ కాగితాలు చేతికొచ్చిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు, దాన్ని ఫ్రీ లుక్ అంటారు, స్టాంపు ఖర్చూ గడిచిన రోజులకి రిస్కు చార్జీ లాంటివి కోసుకుని మిగతాది ఇచ్చేస్తారు. మీకు పద్దెనిమిది రోజులు అయిపోయాయి, ఇంక పన్నెండే ఉన్నాయి. బ్యాంకు ఆయన ఇంకో ఏడాది చూడండి మేడమ్ అంటారు, వినకండి. ఫ్రీ లుక్ కింద రద్దు చేయమని ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, మెయిల్ కూడా పెట్టండి. మీవారికి ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ కవర్ ఇప్పటికే ఉంది, దానికి ప్రతి నెలా జీతంలోంచే పోతోంది, జీతం ఖాతా డిఫెన్స్ ప్యాకేజీ కింద ఉంటే ప్రమాద బీమా కూడా ఉంటుంది, ఆ ఖాతా ఉన్న బ్రాంచిలో అడిగి కాగితం తీసుకోండి. మీ ఇంట్లో ఇప్పుడు కావాల్సింది చేతిలో డబ్బు. వెనక్కి వచ్చిన దాన్ని ఎఫ్‌డీ చేసి జ్వరాలకీ ప్రయాణాలకీ ఉంచండి.

ఇంకోటి, మీరు అసలు రాయనేలేదు. పిల్లల చదువు అలవెన్సు, సీఈఏ అంటారు, 2024 జనవరి నుంచి ఒక్కో బిడ్డకి నెలకి 2,812 రూపాయల 50 పైసలు, ఏడాదికి 33,750. ఇద్దరు పిల్లల వరకూ ఇస్తారు. విద్యాసంవత్సరం అయ్యాక స్కూల్ హెడ్ సంతకంతో బోనఫైడ్ పెట్టి క్లెయిమ్ చేయాలి. బాబుది క్లెయిమ్ చేస్తున్నారో లేదో అడగండి, చేస్తుంటే ఆ డబ్బు ఎటు పోతోందో చూడండి, సాయం మనిషి జీతంలో దాదాపు సగం దాంతోనే వచ్చేస్తుంది. పాప పుట్టిన సంగతి పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కే ఆర్డర్‌లో పడిందా, డిపెండెంట్ కార్డులో అత్తమామల పేర్లు ఉన్నాయా అన్నదీ అడగండి. వాళ్ల ఆదాయం పరిమితి లోపల ఉండి డిపెండెంట్లుగా రాసి ఉంటే విశాఖ ఐఎన్‌హెచ్ఎస్ కళ్యాణిలో చూపించుకోవచ్చు. ఆపరేషన్ ముందు ఈ సంగతి ఎవరైనా చెప్పుంటే ఆ రెండు లక్షలు చాలావరకు మిగిలేవేమో అని నాకు చాలా బాధగా ఉంది.

ఎవర్ని పెట్టుకోవాలి అంటే, మీ వీధిలోనే పిల్లలు పెద్దవాళ్లయిపోయిన ఒక పెద్దమ్మ ఉంటారు, పాపని ఉదయం అంగన్‌వాడీకి పంపండి, మధ్యాహ్నం నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా ఆమెని రమ్మనండి. నెల మొదటి తారీఖున జీతం ఇచ్చేయండి, చీర పెడతాలే బియ్యం ఇస్తాలే అని కాదు. జీతం కచ్చితంగా ఇస్తేనే జ్వరం వచ్చిన రోజు కూడా ధైర్యంగా రమ్మని అడగగలరు. బాబుని ఆమె తీసుకెళ్లొచ్చని స్కూల్లో రాసిచ్చి, మీ ఇద్దరి నంబర్లూ, పిల్లల బ్లడ్ గ్రూపులూ, మందులూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అప్పుడు స్కూలు ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించొచ్చు, కంగారేం లేదు, ముందు ఒక నెల నిద్రపోండి.

నిద్ర గురించి, బాబు గురించి. 14416, టెలీ మానస్, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు పడుకున్నాక చేయండి, గరిటె సంగతి కూడా చెప్పండి, దాచకండి. వాళ్లు డాక్టర్‌ని కలవమంటే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రి రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. నాన్న దూరమైనప్పుడో ఇంట్లో భయం ఉన్నప్పుడో ఆ వయసు పిల్లలు మళ్లీ పక్క తడపడం చాలా ఇళ్లలో జరుగుతుంది, అయినా ఒకసారి అక్కడే పిల్లల డాక్టర్‌కి చూపించండి, దానికి మాత్రం వాణ్ణి తిట్టొద్దు.

మీవారికి చెప్పకపోవడం దగ్గరికి వస్తా. మా అమ్మ ఇన్‌లాండ్ లెటర్‌లో ఎప్పుడూ "ఇక్కడ అందరం క్షేమం" అనే రాసేది, నాన్నకి అక్కడ మనసు పాడవుతుందని. నాన్న లీవుకి వచ్చి ఇంట్లో గొలుసు లేదని చూసుకున్న రోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు, అది నాకిప్పటికీ గుర్తు. అందుకే చెప్తున్నా, వారంలో ఒక్క ఫోన్ డబ్బు కోసం పెట్టుకోండి, ఆదివారం అనుకోండి, ఆ రోజు అప్పుతో సహా అన్నీ చెప్పండి, మిగతా రోజులు పిల్లల కబుర్లే. సిగ్నల్ దొరకదంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, దొరికినప్పుడు వింటారు.

ఆయనకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ ఉంటాయి, మొత్తం సంక్రాంతికే వాడేయకుండా రెండు మూడు ముక్కలు చేసుకోమనండి. ఇంట్లో పరిస్థితి మరీ చెయ్యి దాటితే కంపాషనేట్ గ్రౌండ్స్ మీద దగ్గర పోస్టింగ్ అడగొచ్చు, దానికి వైద్యం కాగితాలే ఆధారం, అందుకే రిమ్స్ చీటీలు పారేయకండి. ఫీల్డ్ అయ్యాక పీస్ పోస్టింగ్ వస్తే, అక్కడ ఫ్యామిలీ క్వార్టర్ దొరికితే వెళ్లిపోండి, పిల్లల్ని కేంద్రీయ విద్యాలయలో వేస్తే ఇలాంటి బదిలీలప్పుడు చదువు ఇబ్బంది తక్కువ, మనవాళ్లకి సీట్లలో ప్రాధాన్యం కూడా ఉంది. ఊర్లో తోట సరిహద్దు గొడవ అని చివర్లో ఒక లైను రాశారు, దానికి శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, రిటైరైన వాళ్లకే అనుకుంటారు చాలామంది, సర్వీసులో ఉన్నవాళ్ల కుటుంబాల అర్జీలు కూడా తీసుకుంటారు. ఉచిత న్యాయ సహాయానికి 15100.

చీటీ రిజిస్టర్డ్ అయితే ఉంచండి, కాకపోతే ఇది అయ్యాక కొత్తది వేయకండి. పాప పేరు మీద సుకన్య తెరవమని అందరూ అంటున్నారన్నారు, మంచిదే, తెరవండి, ఏడాదికి 250 కట్టినా ఖాతా నడుస్తుంది, పెద్ద మొత్తాలు పెన్షన్ వచ్చాక చూద్దాం.

సోమవారం అన్నిటికంటే ముందు పాలసీ పనే. ఎకనాలెడ్జ్‌మెంట్ ఫోటో నాకు పంపండి, మీవారి పే స్లిప్ కూడా, ఆర్మీ నంబరూ యూనిట్ పేరూ కనపడకుండా కాగితం అడ్డం పెట్టి తీయండి, కటింగ్‌లు ఒక్కొక్కటీ చూసి మళ్లీ రాస్తా.