బస్తాల లెక్క ఖాళీగా వస్తే కనెక్షన్ ఎందుకు మిగిలిపోతోంది?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. ఇక్కడి రైసు మిల్లుల బిల్లులను జావాలో జేఎంఎస్ (ప్రోగ్రాంల మధ్య మెసేజ్‌లు పంపే పద్ధతి) ద్వారా క్యూలోకి పంపే ప్రోగ్రాం రాశాను. ఒక్కో బిల్లుకి కనెక్షన్ తెరవడం, సెషన్ తెరవడం, బిల్లు చదవడం, తర్వాత ప్రొడ్యూసర్ (మెసేజ్‌ని క్యూలోకి పంపేది) చేసి పంపడం. బస్తాల లెక్క ఖాళీగా ఉన్న బిల్లు వస్తే ఎర్రర్ వస్తోంది, ఆ కనెక్షన్ అలాగే ఉండిపోతోంది. మధ్యాహ్నానికి బ్రోకర్ (క్యూని నడిపే సర్వర్) కొత్త కనెక్షన్ ఇవ్వనంటోంది. ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర నడిచే భాగం) ప్రొడ్యూసర్, సెషన్, కనెక్షన్ మూడింటినీ వరసగా క్లోజ్ చేశాను, అయినా అంతే. లాగ్‌లో చూస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ తప్ప ఏమీ లేదు. రోజూ రీస్టార్ట్ చేయలేక టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: దొంగ మీ ఫైనల్లీలోనే ఉన్నాడు. బిల్లు చదివేటప్పుడు తప్పు జరిగింది కదా, అప్పటికి ప్రొడ్యూసర్ ఇంకా పుట్టలేదు, అంటే అది నల్, ఖాళీ. ఫైనల్లీలో మొదటి లైనే దాన్ని క్లోజ్ చేయబోయి నల్ పాయింటర్ విసిరింది, కింద ఉన్న సెషన్, కనెక్షన్ లైన్లు నడవనే లేదు. పైగా అసలు ఎర్రర్‌ని ఈ కొత్తది మింగేసింది, అందుకే లాగ్‌లో ఖాళీ బస్తాల సంగతి ఎక్కడా లేదు. ఇలాంటి ఫైనల్లీలు నేనూ చాలా రాశాను లెండి.

2011లో వచ్చిన జావా 7 నుంచి ఈ పని భాషే చేస్తుంది. ట్రై పక్కన బ్రాకెట్లో కనెక్షన్, సెషన్, ప్రొడ్యూసర్ మూడింటినీ సెమీకోలన్లతో విడివిడిగా ప్రకటించి, బిల్లు చదవడం లోపల రాయండి. తప్పు జరిగినా జరగకపోయినా చివర తెరిచినదాన్ని ముందు మూస్తూ వెనక్కి వస్తుంది, తెరవనిదాని జోలికి పోదు. మూసేటప్పుడు ఇంకో ఎర్రర్ వచ్చినా అసలుది పోదు, రెండోది దానికే సప్రెస్డ్‌గా తగులుకుని ఉంటుంది. విడివిడిగా అని ఎందుకన్నానంటే, ఫ్యాక్టరీ నుంచి కనెక్షన్, దాన్నుంచి సెషన్ అని ఒకే గొలుసులో రాస్తే మధ్యలోని కనెక్షన్‌కి పేరుండదు, పేరు లేనిదాన్ని ఎవరూ మూయరు.

ఇదంతా 2013 నాటి జేఎంఎస్ 2.0 నుంచే కుదురుతుంది, ఆటోక్లోజబుల్ (ట్రై తనంతట తానే మూయగల గుణం) వీటికి చేరింది అప్పుడే. మీ జేఎంఎస్ జార్ (లైబ్రరీ ఫైలు) పాత 1.1 అయితే కంపైలరే ఒప్పుకోదు, జార్ మార్చండి. మార్చలేకపోతే ఫైనల్లీలో కనెక్షన్ ఒక్కటే, నల్ కాదని చూసుకుని, క్లోజ్ చేయండి. కనెక్షన్ మూస్తే దాని కిందున్న సెషన్లూ ప్రొడ్యూసర్లూ మూసుకుపోతాయి, మూడు లైన్లు అక్కర్లేదు.

సెషన్ ట్రాన్సాక్టెడ్ (పంపినవి కమిట్‌తోనే ఖాయమయ్యేది) అయితే కమిట్ మీరే రాయాలి. కమిట్ లేకుండా మూస్తే రోల్‌బ్యాక్ అయిపోయి, అంటే పంపింది రద్దయిపోయి, బిల్లు క్యూలో కనబడదు. ఇంకో మాట, మెసేజ్‌లు అందుకునే వైపు లిజనర్ (మెసేజ్ రాగానే నడిచే కోడ్) పెట్టి దాన్నీ ఇదే ట్రైలో ఇరికించకండి, ట్రై బ్లాక్ పూర్తవగానే కనెక్షన్ మూసుకుపోయి లిజనర్‌కి ఒక్క మెసేజీ రాదు.

మార్చాక ఖాళీ బిల్లు ఒకటి కావాలనే పంపి చూడండి. లాగ్‌లో ఈసారి నంబర్ ఫార్మాట్ ఎక్సెప్షనో ఏదో అసలు ఎర్రర్ కనబడాలి, బ్రోకర్ కన్సోల్‌లో కనెక్షన్ల అంకె మాత్రం పెరగకూడదు.